స్కూటర్లు కనబడని సిగ్నల్

మల్కాపురం వైపు వెళితే నన్ను ఆపి నమస్కారం పెట్టేవాళ్ళు ఇప్పటికీ కొందరున్నారు. వాళ్ళలో చాలామందికి నా పేరు తెలియదు. "సిగ్నల్ సారు" అంటారు. స్కూటర్లనీ మోటారు సైకిళ్ళనీ లెక్కచెయ్యని ట్రాఫిక్ లైటుకు వాటిని చూడడం నేర్పినవాణ్ణి నేనేనని వాళ్ళ నమ్మకం. ఒక వినాయక చవితి పందిట్లో కాలనీ సంఘం వారు నాకు శాలువా కూడా కప్పారు. మా ఇంట్లో ఇస్త్రీ చేసుకునే బల్ల మీద ఆ శాలువా చాలాకాలం పరుపుగా పనిచేసింది. అది చేసిన పని నిజం. నేను చేశానన్న పని నిజం కాదు.

ఆ లైటు తాను నిలబడినంత కాలం ఒక్క స్కూటర్ని కూడా చూడలేదు. మా సంస్థలోవాళ్ళని వదిలేస్తే, ఈ సంగతి నాకు కాకుండా ఇంకొక్క మనిషికే తెలుసు. ఆయన మా బావ. ఆయన మాట ఎవరూ నమ్మకుండా చేసింది నేను. అందుకే ఇది రాస్తున్నాను. నమస్కారాలు పెట్టేవాళ్ళు చదివితే మంచిది. చదివాక కూడా నమ్మరేమోనని అనుమానం ఉంది, దానికి కారణం చివర్లో తెలుస్తుంది.

మా అక్కని మేం అప్ప అని పిలుస్తాం. అప్పకీ నాకూ వయసులో చాలా తేడా. తొంభైల మొదట్లో నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుకోవడానికి విశాఖపట్నం వచ్చినప్పుడు అప్ప ఇంట్లోనే ఉన్నాను. బావది శ్రీకాకుళం వైపు వ్యవసాయం కుటుంబం. రేవులో సరుకు ఎత్తి దించే ఒక ప్రైవేటు కంపెనీలో క్రేన్ ఆపరేటరుగా చేసేవాడు. ఇంటికి వచ్చేసరికి చొక్కా కాలరు మీద ఇనుపరాయి ఎర్రదుమ్ము ఉండేది. అప్ప ఎంత ఉతికినా ఆయన తెల్ల బనియన్లన్నీ గులాబీ రంగులోకి తిరిగాయి. ఆ రంగు గురించి వీధిలో ఎవరైనా నవ్వితే, మా ఇంట్లో తెలుపు అంటే ఇదే అనేవాడు.

ఒకసారి ఆయన నన్ను పని చూపించడానికి తీసుకెళ్ళాడు. క్రేన్ ఎక్కి కూర్చున్న మనిషికి కింద సరుకు సరిగా కనబడదు. ఓడ గోదాములోకి కొక్కెం దిగిపోయాక అసలే కనబడదు. అందుకని ఓడ అంచున ఒక మనిషి నిలబడి చేత్తో సైగలు చేస్తాడు. ఎత్తు, దించు, ఆపు. ఆ చెయ్యి చెప్పినట్టే పైన ఉన్నవాడు లీవరు తిప్పాలి. బావకి ముందు ఆ క్రేన్ మీద ఉన్న ఆపరేటరు ఒకరోజు సైగ వచ్చిందనుకుని కొక్కెం కదిపాడట. రాలేదు. కింద ఒక కూలీ కాలు పోయింది. అప్పట్నుంచీ బావ సైగ చూడకుండా వేలు కదిపేవాడు కాదు. ఎండ కళ్ళలో పడి చెయ్యి కనబడకపోతే ఏం చేస్తావని అడిగాను. కనబడేదాకా ఆగడమేనన్నాడు. ఓడవాళ్ళు అరుస్తారు కదా అంటే, అరవనీ అన్నాడు.

ఈ అలవాటు ఆయన రోడ్డు మీదికి కూడా తెచ్చుకున్నాడు. అప్పట్లో విశాఖలో సిగ్నళ్ళు తక్కువ. ఉన్నచోట కూడా పక్కన కానిస్టేబులు లేకపోతే వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎర్రలైటు దగ్గర బావ స్కూటరు ఆపితే వెనక నుంచి హారన్లు మోగేవి. ఆయన కాలు కింద పెట్టుకుని, రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచి, లైటు వంక చూస్తూ ఉండేవాడు. వెనక కూర్చున్న నాకు సిగ్గుగా ఉండేది.

డిప్లొమా అయ్యాక సిగ్నళ్ళు బిగించే ఒక చిన్న సంస్థలో చేరాను. కొన్నాళ్ళు కాలాన్ని బట్టి మారే మామూలు లైట్లే పెట్టాం. ఇంతసేపు ఎరుపు, ఇంతసేపు పచ్చ, రోడ్డు మీద ఎవరున్నా లేకపోయినా అంతే. తర్వాత రెండువేల సంవత్సరం దాటాక మా యజమాని ఎక్కడో చూసివచ్చి, బండి వచ్చి నిలబడితేనే పచ్చ ఇచ్చే లైటు పెడదామన్నాడు. దానికి ఎంచుకున్న జంక్షన్ మల్కాపురం దాటాక ఉంది. బావావాళ్ళు ఉండే కాలనీలోంచి వచ్చే రోడ్డు అక్కడ మెయిన్ రోడ్డులో కలుస్తుంది. మెయిన్ రోడ్డు మీద రేవు లారీలు, పెద్ద ట్రైలర్లు ఆగకుండా పోతుంటాయి. కాలనీ రోడ్డు మీద ఎవరైనా వస్తేనే వాటిని ఆపాలి, రాకపోతే వదిలెయ్యాలి. వినడానికి చాలా బాగుంది.

పద్ధతి ఇది. ఆగే గీత దగ్గర రోడ్డును సన్నగా కోస్తాం. ఆ గాడిలో తీగను చదరంగా నాలుగైదు చుట్లు చుట్టి పైన తారు పోస్తాం. ఆ తీగలో కొద్దిపాటి కరెంటు పారుతూ ఉంటుంది. పెద్ద లోహం ఏదైనా దాని పైకి వచ్చి నిలబడితే అందులో తేడా వస్తుంది. రోడ్డు పక్కన పెట్టెలో ఉన్న కార్డు ఆ తేడాను కనిపెట్టి పచ్చలైటు వేయిస్తుంది. ఎంత చిన్న తేడాకి స్పందించాలన్నది ఆ కార్డు మీద ఒక మీట తిప్పి మనం పెట్టుకోవాలి. ఆ మీట తిప్పినవాణ్ణి నేను.

మొదట బాగా ఎక్కువలో పెట్టాను. అప్పుడు పక్కన మెయిన్ రోడ్డు మీద ఇనుప కాయిల్స్ మోసుకుంటూ వెళ్ళే ట్రైలర్ని కూడా అది కనిపెట్టేసింది. కాలనీ రోడ్డు మీద ఒక్క కుక్క కూడా లేకుండానే పచ్చ వేసి, లారీలన్నిటినీ నిలబెట్టింది. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు నన్ను పిలిపించి, ఎవరికోసం ఆపుతున్నావయ్యా అని అడిగాడు. మీట తగ్గించాను. ట్రైలర్లు కనబడడం మానేశాయి. మా సంస్థ జీపును తెచ్చి తీగ మీద నిలబెట్టి చూశాం. పచ్చ పడింది. ప్రారంభానికి వచ్చిన పెద్దలు కార్లలో వచ్చారు. వాళ్ళ కార్లకీ పడింది. చప్పట్లు కొట్టారు. ప్రారంభోత్సవానికి స్కూటరు మీద వచ్చే పెద్దమనిషి ఎవరూ లేరు కాబట్టి స్కూటరు సంగతి ఎవరికీ తట్టలేదు.

నాకు తట్టాలి. నాదీ స్కూటరే. కానీ నేను గాజువాకలో ఉండేవాణ్ణి, ఆ జంక్షన్లో ఎప్పుడూ ఎడమకే తిరిగేవాణ్ణి. ఎడమకు తిరిగేవాడికి లైటుతో పని లేదు. నేను పెట్టిన లైటు ముందు నేను ఒక్కసారి కూడా ఆగలేదు.

పగలంతా ఆ తీగ మీద ఆటోనో వ్యానో ఏదో ఒకటి నిలబడే ఉండేది, దాని వెనకే స్కూటర్లు కూడా పచ్చలో దాటిపోయేవి. చిక్కంతా తెల్లవారుజామున, మొదటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళకి వచ్చింది. ఆ వేళలో కాలనీలోంచి వచ్చేవి దాదాపు అన్నీ రెండు చక్రాల బళ్ళే. లైటు వాటిని చూడదు. వాళ్ళూ లైటుని చూడరు. అటూ ఇటూ చూసుకుని దాటిపోయేవారు. ఆ విధంగా ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా కొన్నాళ్ళు గడిచింది, మా బావకి తప్ప.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆయన ఈ మాట ఎత్తాడు.

"ఒరే, నీ లైటు నన్ను సూడ్డం నేదురా. ఎనకాల ఆటో వత్తేనే పచ్చ పడతాది. ఆటో రాపోతే నాను అక్కడే ఉంటన్నాను."

చేపల పులుసు వడ్డిస్తున్న అప్ప అందుకుంది. "ఊరంతా ఎల్లిపోతంటే ఈయనొక్కడూ ఆగడమేటి? ఆ ఏలప్పుడు ఎవుడున్నాడని ఆ రోడ్డు మీద?"

"ఎవుడూ నేనప్పుడే గదా ఆగాల," అన్నాడు బావ.

నాకు వెంటనే అర్థమైంది. స్కూటర్లో లోహం తక్కువ, నేను తగ్గించిన మీటకి అది అందదు. అర్థమైంది కాబట్టే చూస్తానులే అని మాట మార్చాను. మీట పెంచితే ట్రైలర్లకీ పచ్చ పడుతుంది, తగ్గిస్తే స్కూటర్లకి పడదు. మళ్ళీ రోడ్డు కోసి తీగను ఇంకోరకంగా చుట్టాలి. ఆ మాట యజమానితో అంటే, పోలీసులు ఇంకా సంతకం పెట్టలేదు, ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే నీ ఉద్యోగం నువ్వే చూసుకో అన్నాడు. అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది.

ఇక్కడ బావ సంగతి చెప్పాలి. ఆయన కంపెనీకి అప్పుడే కొత్త క్రేన్ వస్తోంది. పాతవాటికన్నా చాలా ఎత్తు, పైన అద్దాల గది, అందులో ఏసీ. దాని మీదికి ఒక్క ఆపరేటర్నే ఎంచుకుంటారని, అనుభవం బట్టీ హాజరు బట్టీ ఇస్తారని చెప్పుకున్నారు. అనుభవంలో బావని మించినవాళ్ళు లేరు. హాజరులో కూడా లేరు, నా లైటు వచ్చేదాకా. ఆయన ఇంట్లో ఏ కోరికా బయటపెట్టే మనిషి కాదు. కానీ ఆ క్రేన్ ఓడలోంచి దిగిన రోజు అప్పని స్కూటరెక్కించుకుని రేవు గోడ పక్కకు తీసుకెళ్ళి, దూరం నుంచి చూపించి తెచ్చాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నాకు చూపించింది ఇదొక్కటేరా అని అప్ప నాతో నవ్వుతూ చెప్పింది.

ఆ దినాల్లోనే ఆయన షిఫ్టుకు ఆలస్యంగా వెళ్ళడం మొదలైంది. ఒకటీ అరా కాదు, తరచుగా. షిఫ్టు ఆఫీసరు కృష్ణా జిల్లా ఆయన, మాట మెత్తన. ఏమయ్యా అని అడిగితే బావ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. లైటు నన్ను చూడడం లేదండి, అందుకని పచ్చ పడడం లేదండి. ఆఫీసరు అదే దారిన వచ్చే మిగిలిన వాళ్ళని అడిగాడు. వాళ్ళంతా ఎర్రలోనే దాటి వచ్చేవాళ్ళు. ఆ ముక్క ఆఫీసరుకి చెబుతారా? లైటు బాగానే పడుతోందండి అన్నారు. అక్కణ్ణుంచి బావకి ఒక పేరు పడింది. రేవు గేటు దగ్గర టీ బడ్డీలో ఆయన కనబడగానే ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు.

"ఏటి బావా, ఇయ్యాల్టికైనా లైటు నిన్ను పలకరించిందా?"

"ఈడి మొహం దానికి నచ్చనేదురా. రేపట్నుంచి పౌడరు రాసుకునెల్లమను."

బావ టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేవాడు. నవ్వులు ఆయన్ని అంతగా బాధించలేదు. ఆఫీసరు తనని సాకులు చెప్పేవాడనుకోవడం ఆయనకి సహించలేదు. ఆయన నా దగ్గరకు వచ్చి ఒక్కటే అడిగాడు. ఆఫీసరు రోజూ సాయంత్రం ఆ జంక్షన్ మీదుగానే ఇంటికి వెళతాడు. ఒకరోజు ఆయన్ని అక్కడ ఆపుతాను, నువ్వు పెట్టె దగ్గర ఉండి, ఇది స్కూటర్లని చూడదండి అని ఒక్క మాట చెప్పు. సరేనన్నాను.

ఆ సాయంత్రం పెట్టె తలుపు తీసి పెట్టుకుని నిలబడ్డాను. ఆఫీసరు కారు వచ్చి పక్కన ఆగింది. వెనకే బావ స్కూటరు. సరిగ్గా అప్పుడే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు అటుగా వచ్చి, పని ఎంతవరకూ వచ్చిందని నా పక్కన నిలబడ్డాడు. మా కాగితాల మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఆయనే. ఆఫీసరు కారు దిగి నన్ను మర్యాదగానే అడిగాడు.

"ఏమండీ, మావాడు అంటున్నాడు, ఈ లైటు స్కూటర్లని గుర్తుపట్టదట. నిజమేనా?"

ఇన్‌స్పెక్టరు నా వంక తిరిగాడు. బావ స్కూటరు మీద కూర్చునే ఉన్నాడు, ఆయన మొహంలో ఏ ఆందోళనా లేదు. నేను నిజం చెబుతానని ఆయనకి అనుమానం లేదు.

"అన్ని బళ్ళనీ చూస్తుందండి," అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "సరైన చోట ఆగితే," అని కూడా కలిపాను.

బావ స్కూటరు స్టార్టు చేసి, చూపిస్తాను చూడండి అన్నట్టుగా కాలనీ రోడ్డు వైపు వెళ్ళి గీత దగ్గర ఆగాడు. కానీ అది సాయంత్రం వేళ. ఆయన ఆగేసరికి పక్కన ఒక ఆటో, దాని వెనక ఒక వ్యాను వచ్చి తీగ మీద నిలబడ్డాయి. రెండు నిమిషాలు కూడా కాకుండానే పచ్చ పడింది.

"ఇదిగో, పడింది కదయ్యా," అన్నాడు ఆఫీసరు నవ్వుతూ. కారెక్కి వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ లైటు జన్మలో అంత బాగా పనిచేసిన రోజు ఇంకొకటి లేదు.

కొత్త క్రేన్ మీదికి ఇంకో కుర్ర ఆపరేటర్ని ఎక్కించారు. బావ ఇంట్లో ఈ సంగతి తానుగా చెప్పలేదు. పక్కింటివాళ్ళ ద్వారా అప్పకి తెలిసింది. అప్ప నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే. "ఆ ఒక్క ముక్కా సెప్పీడానికి నీ నోరేటయిందిరా?" ఏదో గొణిగాను. ఏం గొణిగానో గుర్తులేదు.

తర్వాత కొన్ని నెలలకి ఆ జంక్షన్లో తెల్లవారకముందే కానిస్టేబుళ్ళు నిలబడి, ఎర్రలో దాటినవాళ్ళకి చలాన్లు రాయడం మొదలుపెట్టారు. అప్పుడు కాలనీ మొత్తం మొదటిసారిగా లైటు ముందు ఆగింది. ఆగితే పచ్చ పడడం లేదని మొత్తం కాలనీకి ఒకేసారి తెలిసింది. సంఘం పెద్దలు నలుగురు మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో టీ బడ్డీ దగ్గర పౌడరు రాసుకోమన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. సార్, మీ లైటు మమ్మల్ని చూడడం లేదు సార్ అన్నాడు. ఆ మాట మా బావ ఎప్పుడో అన్నాడని ఆయనకి గుర్తు లేదు.

ఇప్పుడైనా నిజం చెప్పవచ్చు. కానీ చెబితే, ఆఫీసరు ముందు ఎందుకలా అన్నావనే ప్రశ్న వస్తుంది. నేను చేసింది ఇది. ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి, కార్డు పని ఆపేసి, లైటును పాతపద్ధతిలోకి మార్చాను. ఇంతసేపు ఎరుపు, ఇంతసేపు పచ్చ. రోడ్డు మీద ఏనుగు నిలబడినా చీమ నిలబడినా ఒకటే. ఇక ఎవరికైనా పచ్చ పడి తీరుతుంది. ఆ పనికి ఒక స్క్రూ డ్రైవరు చాలు. కానీ బండిని కనిపెట్టే లైటు అని మావాళ్ళు అందరికీ గొప్పగా చెప్పుకున్న లైటు అది. దాన్ని మామూలు లైటుగా మార్చేశానని చెప్పలేను. అందుకని పసుపు రంగు డబ్బా తెప్పించి, తీగ ఉన్న గాడి మీద జానెడు పొడుగున ఒక గీత గీయించాను. ముందు చక్రం సరిగ్గా ఈ మార్కు మీద పెట్టి ఆగండి, అప్పుడు చూస్తుంది అని సంఘం పెద్దలకి చెప్పాను. చక్రం తీగకి సరిగ్గా పైన ఉంటే పట్టుకునే అవకాశం ఎక్కువన్నది నిజమే. అందుకే నా అబద్ధం అంత చదువుకున్నదిగా వినబడింది.

మర్నాడు అందరూ చక్రం మార్కు మీద పెట్టారు. పచ్చ పడింది. ఎందుకు పడదు?

అక్కణ్ణుంచి ఆ మార్కుకి ఒక మర్యాద ఏర్పడింది. ముందొచ్చినవాడు దాని మీద ఆగాలి. దుమ్ము పడి కనబడకపోతే కాలితో తుడవాలి. కొత్తవాడు పక్కన ఆపితే వెనకవాళ్ళు అదిలించేవారు. కొందరు మార్కు మీద సైడు స్టాండు కూడా దించేవారు, ఇనుము తగిలితే ఇంకా తొందరగా పడుతుందని. ఎర్రలైటు ఎక్కువసేపు ఉందనిపిస్తే బండిని అంగుళం ముందుకీ వెనక్కీ జరిపేవారు. అలా జరుపుతుండగా పచ్చ పడేది, జరిపినందుకే పడిందనుకునేవారు. దసరాకి రేవులో యంత్రాలకి ఆయుధపూజ చేసే కుర్రాళ్ళు వెళ్తూ వెళ్తూ దానికీ పసుపూ కుంకుమా పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించారు. మార్కు అరిగిపోతే సంఘమే మళ్ళీ రంగు వేయించింది. నాకు శాలువా కప్పింది ఆ ఏడే.

బావకి మాత్రం ఇందులో ఇంకో నష్టం జరిగింది. సరైన చోట ఆగితే చూస్తుందని నేను ఆఫీసరుతో అన్న మాట ఇప్పుడు రుజువైపోయింది. లైటులో తప్పు లేదు, ఈయనకే ఆగడం రాలేదు. ఇన్నేళ్ళు క్రేన్ నడిపాడు గానీ స్కూటరు ఎక్కడ ఆపాలో తెలియలేదు అన్నారు.

ఆయన అనుమానించాడు. ఎవరూ లేని ఒక తెల్లవారుజామున మార్కుకి దూరంగా, రోడ్డు అంచున ఆపి చూశాడు. పచ్చ పడింది. ఇంకోరోజు గీతకి బాగా వెనకాల ఆపాడు. పడింది. ఇంకోరోజు స్కూటరు చెట్టు కింద పెట్టి, తను రోడ్డు పక్కన ఊరికే నిలబడి చూశాడు. అప్పుడూ పడింది. టీ బడ్డీ దగ్గర ఈ సంగతి చెప్పాడు. మార్కులో ఏటీ నేదు, కావాలంటే రేపు అందరూ మార్కు వదిలేసి ఆగండి, అప్పుడు తెలుస్తాది అన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. అలా ఆగి షిఫ్టుకి లేటయితే నువ్వు చెప్పే సాకే మేమూ చెప్పాలా అన్నారు. నిజమే, ఆ మార్కును పరీక్షించే తీరిక షిఫ్టుకు వెళ్ళేవాడికి ఎక్కడిది?

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే ఉంచుకుని అడిగాడు.

"ఆ మార్కు ఏటి సేత్తాదిరా?"

"చూస్తుంది బావా," అన్నాను.

నా మొహం వంక కొంచెంసేపు చూశాడు. సరే అన్నాడు. మా ఆవిడ భోజనం చెయ్యమంటే చేసి వెళ్ళాడు. ఆ విషయం మళ్ళీ నా దగ్గర ఎత్తలేదు. రాకపోకలు మానలేదు, మాట తగ్గించలేదు. మానేసినా నాకు కొంత తేలికగా ఉండేది.

తర్వాత కొన్నేళ్ళకి ఆయన రిటైరయ్యాడు. అక్కడి ఆనవాయితీ ప్రకారం మెడనిండా దండలు వేసి, జీపెక్కించి, డప్పులతో ఇంటిదాకా తెచ్చారు. రాత్రికి కాలనీ హాల్లో భోజనాలు. వాటికి ముందు నలుగురి మాటలు. తోటి ఆపరేటరు ఒకాయన మైకు పట్టుకుని, ఈయన సైగ లేకుండా వేలు కదపని మనిషి, ఒక్క ట్రాఫిక్ లైటు సైగే ఈయనకి అర్థం కాలేదు అన్నాడు. హాలంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు. తర్వాత నన్ను పిలిచారు. సిగ్నల్ సారు, పైగా స్వయానా బావమరిది. నాలుగు ముక్కలు చెప్పాలి.

నేను చెప్పేశాను. ఆ లైటు స్కూటర్లని ఏనాడూ చూడలేదని, బావ మొదట్నుంచీ అన్నదే నిజమని, మార్కు ఉత్త రంగని, ఆఫీసరు ముందు నేను అబద్ధమాడానని, దాని వల్లే ఈయనకి కొత్త క్రేన్ పోయిందని. చెప్పి మైకు దించాను. అందరూ చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. సంఘం అధ్యక్షుడు లేచి, అక్క మొగుడి గౌరవం కోసం తన ఘనతనే కాదనుకున్న ఇలాంటి బావమరిది ఎవరికి దొరుకుతాడు అన్నాడు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, చెవిలో అన్నాడు. "సెప్పింది బాగుంది గానీ సార్, మార్కు మీద ఎట్టకపోతే పడదు. మేం రోజూ సూత్తన్నాం గదా."

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర బావ కనబడ్డాడు. మెడలో ఇంకా ఒక దండ ఉంది.

"ఆల్లకి సెప్తే ఏటి లాభంరా? ఆల్లు నవ్వితే నాకేటీ అవనేదు. ఆ ఆఫీసరు నన్ను అబద్దాలకోరనుకున్నాడు. ఆయనకి సెప్పు."

ఆఫీసరు అప్పటికే రిటైరై పెందుర్తి దగ్గర ఇల్లు కట్టుకున్నాడని తెలిసి ఒక ఆదివారం వెళ్ళాను. కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. లోపలికి కేకేసి, మల్కాపురంలో స్కూటర్లకి లైటు బాగుచేసినాయన వచ్చారు, కాఫీ పెట్టమని భార్యకి చెప్పాడు. నేను కాఫీ రాకముందే మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, ఇంతకీ ఆ ఆపరేటరు ఎవరండీ అన్నాడు. పేరు చెప్పాను, పొడుగూ రంగూ చెప్పాను. గుర్తు రాలేదు. క్రేన్ సంగతి మాత్రం గుర్తుంది.

"దాని మీదికి ఎవరు వెళ్ళాలో అది రాకముందే అనుకున్నామండీ. ట్రైనింగుకి పంపిన కుర్రాడొకడు ఉన్నాడు. లేట్లూ అవీ ఎవరైనా అడిగితే చెప్పడానికి పనికొస్తాయి కదా, అంతే."

తిరిగి వచ్చి బావతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. క్రేన్ ఎటూ ఆయనకి వచ్చేది కాదన్న ముక్క చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తేలికైంది. ఆ తేలికదనం నాకే నచ్చలేదు. ఆయన ఆ ముక్క పట్టించుకోనేలేదు.

"క్రేన్ పోతే పోనాది. నాను అబద్దమాడేననే ఆయన ఇంకా అనుకుంటన్నాడా?"

"ఆయన ఏమీ అనుకోవడం లేదు బావా. నువ్వు ఆయనకి గుర్తులేవు."

ఇంకేదైనా మెత్తగా చెప్పవచ్చు. క్షమించమన్నాడని చెప్పవచ్చు. కానీ ఈయన దగ్గర ఇంకో మార్కు గీయడం నావల్ల కాలేదు. బావ లేచి చొక్కా వేసుకున్నాడు.

"పద. నన్ను సూస్తే గుర్తొత్తాది."

ఇద్దరం ఆయన స్కూటరు మీదే వెళ్ళాం. ఆఫీసరు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చున్నాను. బావ నిలబడే, చేతులు రెండూ పక్కన పెట్టుకుని, అప్పటి షిఫ్టుల్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"అప్పట్లో నాను లేటుగా వచ్చింది లైటు పడకేనండి. సాకు కాదండి."

ఆఫీసరు ఆయన్ని పైకీ కిందికీ చూశాడు. గుర్తు రాలేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా మర్యాదస్తుడు. "అవునవును, మొన్న ఈయన చెప్పారు. ముందు కూర్చోండి మీరు. తర్వాత ఆ లైటు ఈయనే బాగుచేశారు కదా," అన్నాడు.

బావ నా వంక చూడలేదు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

"బాగుచెయ్యలేదండీ," అన్నాను. "అది స్కూటర్లని ఏనాడూ చూడలేదు. ఆవేళ మీరు అడిగితే నేను అబద్ధం చెప్పాను. ఈయన చెప్పింది నిజం."

ఆఫీసరు తల ఊపాడు. లోపల ఫోను మోగింది. ఒక్క నిమిషమండీ అని వెళ్ళాడు, చాలాసేపు మాట్లాడాడు. మేం చెప్పులు వేసుకున్నాం. గేటు దగ్గర బావ స్కూటరు తాళం తీస్తూ అన్నాడు.

"ఆయన ఇన్నాడో నేదో నాకు తెల్దు గానీ, నాను ఇన్నాను."

కిక్కు కొట్టాడు. నేను వెనక ఎక్కాను. పెందుర్తిలో ఈ మధ్య ఎన్ని కొత్త ఇళ్ళు లేచాయో, ఒకప్పుడు ఇదంతా ఎలా జీడితోటలుగా ఉండేదో, దారి పొడుగునా అదే మాట్లాడాడు.